కిషనన్న సిగరెట్ మానిన ఇరవయ్యొక్క రోజులు

ఆదివారం పొద్దున లచ్చమ్మ మంచం మీద సంచి తెరిచిపెట్టి మొగుడి బట్టలు సర్దుతోంది. రెండు లుంగీలు, మూడు బనియన్లు, ఒక తువ్వాల, బీపీ గోళీలు, చిన్న డబ్బాలో వేయించిన సోంపు. సరిగ్గా అప్పుడే సందులోకి మైకు కట్టిన ఆటో వచ్చి ఆగింది.

"మారేడ్‌పల్లి అక్కలారా, అన్నలారా. సికింద్రాబాద్ ముద్దుబిడ్డ, మాజీ కార్పొరేటర్, మన కిషనన్న ముప్ఫై ఏళ్లుగా తాగుతున్న సిగరెట్టును నేడు పదకొండు గంటల అయిదు నిమిషాలకు, వర్జ్యం వెళ్లిన తరువాత, ఒక్క దెబ్బతో మానివేయుచున్నారు. తగ్గించుట లేదు. వాయిదాలు లేవు. యాప్రాల్‌లో ఇరవయ్యొక్క రోజుల మహా దీక్షా శిబిరం. తరలి రండి. భోజన వసతి కలదు."

కారణం పేపర్లో వారం కిందటే వచ్చింది. ప్రభుత్వం కొత్తగా స్వచ్ఛ శ్వాస మండలి పెడుతోంది. దానికో చైర్మన్, చైర్మన్‌కో కారు, కారుకో డ్రైవరు. షరతు ఒక్కటే, చైర్మన్ పొగ తాగకూడదు. ఆ షరతు చూసి పార్టీలో సగంమంది పెద్దలు పోటీలోంచి తప్పుకున్నారు. కిషనన్న తప్పుకోలేదు. సిగరెట్టునే తప్పించారు. నాయకుడన్నవాడు అట్లా ఉండాలి.

లచ్చమ్మ మొగుడు పర్వతాలుది పార్టీలో ఇరవై ఆరేళ్ల సర్వీసు. కిషనన్నకు యాభై రెండు, పర్వతాలుకు అరవై ఒకటి. అయినా పర్వతాలే ఆయన్ని అన్నా అంటాడు. రాజకీయాల్లో వయసు పుట్టినరోజును బట్టి ఉండదు. పర్వతాలు పని ఏమిటంటే, అన్న సిగరెట్ వెలిగించడం. కిషనన్న సిగరెట్ పెదాల మధ్య పెట్టుకుని అటూ ఇటూ చూడరు. కుడివైపు నుంచి మంట రావాలి, వస్తుంది. గాలిలో, వానలో, ప్రచారం జీపు మీద, ఓడిపోయిన రోజున కౌంటింగ్ హాలు బయట, ఒక్కసారి కూడా ఆ మంట ఆలస్యం కాలేదు. ఐడీ కార్డు మీద కూడా 'ఫైర్ ఇన్‌చార్జ్' అని రాయించి ఇచ్చారు.

అన్నకు వెలిగించి వెలిగించి తనూ వెలిగించుకోవడం మొదలుపెట్టాడు. ఫిబ్రవరిలో పెద్దాసుపత్రి డాక్టరమ్మ ఎక్స్‌రే చూసి, "ఇంకో చలికాలం సిగరెట్‌తో గడిపితే నా పూచీ లేదు" అంది. అప్పటినుంచి నాలుగుసార్లు మానాడు. రోజంతా అన్న పొగ ముక్కు కింద ఆడుతుంటే ఏ మానుడు నిలుస్తుంది? ఇప్పుడు అన్నే మానుతున్నాడు. ఇంతకంటే మంచి అదను రాదని లచ్చమ్మ ఒప్పుకుంది. ఒప్పుకుంది గానీ సంచి అంటే ఆమెకు భయం.

సంచి సర్దించుకుని పోయి తిరిగి రానివాళ్ల జాబితా ఆమె దగ్గర ఉంది. తోడబుట్టిన అన్న యాదగిరి, భీవండి బట్టల మిల్లుకు, పంతొమ్మిది వందల డెబ్బై తొమ్మిది, దసరా తెల్లారి. తండ్రి, పెద్దాసుపత్రికి, ఎనభై ఆరు, మాఘమాసం, బుధవారం. ఆ రెండు సంచుల్లోనూ ఆమె అన్నీ పెట్టింది, ఒక్క వస్తువు మరిచిపోలేదు. అదే తప్పయిందని తర్వాత తేల్చుకుంది. అన్నీ ఉన్న మనిషి మళ్లీ దేనికోసం వస్తాడు? అప్పటినుంచి ఎవరి సంచి సర్దినా ఒకటి ఆపుకుంటుంది. పర్వతాలు పాదయాత్రలకు పోయినప్పుడల్లా దువ్వెనో, గడ్డం బ్రష్షో ఇంట్లో ఉండిపోయేది. పర్వతాలు తిరిగి వచ్చేవాడు.

ఈసారి సంచి జేబులోంచి లైటర్ తీసింది. ఇత్తడిది. కిషనన్న మొదటిసారి గెలిచినప్పుడు ఇచ్చింది. దాన్ని గోడ అలమరలో ఉప్పు డబ్బా వెనక పెట్టింది.

"అన్నీ వెట్టినవా?" అన్నాడు పర్వతాలు.

"వెట్టిన."

"ఏం మర్సినవు ఈసారి?"

"వొయినంక ఎర్కయితది, వో."

శిబిరం యాప్రాల్‌లో ఒక ఫంక్షన్ హాలు పక్క ఖాళీ జాగాలో వేశారు. పక్కింటి మార్త టీచరును తోడు తీసుకుని లచ్చమ్మ కూడా పోయింది. టీచరు మిషన్ స్కూల్లో ముప్ఫై మూడేళ్లు లెక్కలు చెప్పి రిటైరయింది. షామియానా, ఫ్లెక్సీలు, నలభై ఒక్క మందితో సంఘీభావ కమిటీ. వేదిక ముందు నీళ్లు నింపిన డ్రమ్ము. కార్యకర్తలంతా వరసగా వచ్చి లైటర్లు, అగ్గిపెట్టెలు అందులో పడేశారు. శిబిరం ఈ క్షణం నుంచి నిప్పు రహితమని ప్రకటించారు. చప్పట్లు మోగాయి. పర్వతాలు సంచి జేబులో చెయ్యి పెట్టి, వెతికి, తలెత్తి లచ్చమ్మ వైపు చూశాడు. లచ్చమ్మ ఫ్లెక్సీ చదువుతున్నట్టు నిలబడింది.

పదకొండూ అయిదుకు కిషనన్న ఆఖరి సిగరెట్‌ను కాలికింద నలిపారు. ఫొటో సరిగా రాలేదంటే ఇంకొకటి నలిపారు. నినాదాలు మిన్నంటాయి. "కిషనన్న ఊపిరే మా ఊపిరి."

తర్వాత మీడియా ఇన్‌చార్జ్ ఉదయ్‌కిరణ్ మైకు తీసుకుని కార్యక్రమం వివరించాడు. ఆ అబ్బాయి ఎంబీఏ. నిరాహార దీక్షలు చాలా నడిపిన అనుభవం ఉంది.

"అన్న ఒక్కడే ఇరవయ్యొక్క రోజులు మానితే అది పర్సనల్ అయితది. ప్రజలు పార్టిసిపేట్ చెయ్యాలె. అందుకే రిలే. బ్యాచుకు అయిదుగురు. పొద్దున తొమ్మిది నుంచి సాయంత్రం అయిదు దాకా అన్న పేరు మీద మానుతరు."

"అయిదు తర్వాత?" అంది మార్త టీచరు.

"నెక్స్ట్ బ్యాచ్ తెల్లారి తొమ్మిదికి మేడం."

"మధ్యలో పదహారు గంటలు ఎవరు మానతారు నాయనా?"

"అన్న కుర్చీ ఖాళీ ఉండదు మేడం. అన్న ప్రతినిధిగ పర్వతాలన్న కూసుంటడు. ట్వంటీఫోర్ అవర్స్."

పర్వతాలు మెడలో దండ పడింది. అన్న కుర్చీలో ఎప్పుడూ కూర్చోలేదు కాబట్టి అంచు మీద కూర్చున్నాడు. కిషనన్న దీక్షలో నిమగ్నం కావడానికి ఏ.ఎస్. రావు నగర్‌లో బావమరిది ఇంటికి వెళ్లిపోయారు. అక్కడ ఏసీ ఉంది.

సాయంత్రం మొదటి బ్యాచి దీక్ష విరమింపజేయడానికి నిమ్మరసం గ్లాసులు వచ్చాయి. ఆ బ్యాచిలో బుల్లబ్బాయి ఉన్నాడు. కాకినాడ నుంచి వచ్చి ఇక్కడ క్యాటరింగ్ చేస్తాడు, శిబిరం భోజనాలు ఆయనవే. గ్లాసు పట్టుకుని చాలాసేపు చూశాడు.

"ఏవండీ ఉదయ్‌కిరణ్ గారూ. మధ్యాహ్నం మేం బిర్యానీ తిన్నాం కదండీ. మరి నిమ్మరసం దేనికండీ?"

"విరమణకు."

"అన్నం మానినోళ్లకి విరమణప్పుడు నోట్లోకి ఏదో ఇస్తారు, బాగానే ఉంది. మేం మానింది వేరేది కదండీ. మానినదాంతోనే కదండీ విరమించాల?"

ఉదయ్‌కిరణ్ ఆలోచించాడు. ఎంత ఆలోచించినా అందులో తప్పు దొరకలేదు. "పాయింటే" అని ఫోన్లో రాసుకున్నాడు. రెండో రోజు నుంచి సాయంత్రం అయిదింటికి ఒక పెద్దమనిషి వచ్చి, దండలు వేసి, బ్యాచివాళ్లకు తలా ఒక సిగరెట్ ఇచ్చి దీక్ష విరమింపజేసేవాడు. శిబిరం నిప్పు రహితం కాబట్టి వాళ్లు మూల మీది పాన్ డబ్బా దగ్గరకు పోయి వెలిగించుకునేవారు. క్రమశిక్షణ అంటే యాప్రాల్‌లో చూడాలి.

ఇంటికి వచ్చేటప్పుడు మార్త టీచరు చెప్పింది, "కోరిక వచ్చిందంటే అయిదు నిమిషాలే లచ్చమ్మా. ఆ అయిదు నిమిషాలూ మనిషిని పట్టుకుంటే చాలు. దానంతటదే పోతుంది. మా ఆయన ఆర్థర్ గారికి అట్లాగే మాన్పించాను."

"ఎట్ల వట్టుకున్నరు టీచరమ్మా?"

"మాటలతో. మాటలు అయిపోతే కీర్తనలు పాడాను. కోరిక పోయి మానారో, నా గొంతుకు భయపడి మానారో, ఆయన్ని అడగలేదు."

లచ్చమ్మకు పాటలు రావు. చదవడం వచ్చు. బడికి పోలేదు గానీ, మొగుడు ఇంటికి తెచ్చిన పార్టీ కరపత్రాలు కూడబలుక్కుని నేర్చుకుంది. అందువల్ల ఆమెకు అన్నం అనే మాట కంటే అభివృద్ధి అనే మాట ముందు చదవడం వచ్చింది. కోరిక వచ్చినప్పుడల్లా పర్వతాలు ఫోన్ చెయ్యాలి, ఆమె పేపర్ చదవాలి. అది వాళ్ల ఒప్పందం.

"లచ్చీ."

"వచ్చిందా?"

"వచ్చింది. జల్ది సదువు."

"ఆగు, అద్దాలు వెట్టుకోని. 'శిబిరంలో కిషనన్న రోజంతా మౌనంగా, గంభీరంగా గడిపారు.'"

"అన్న ఈడ యాడున్నడు? బావమరిది ఇంట్ల పన్నడు."

"మరి మౌనంగనే ఉన్నడు గద. విను. 'టమాట కిలో నలభై. బోయిన్‌పల్లి మార్కెట్లో తగ్గిన సరుకు రాక.' 'మల్కాజిగిరిలో గేదె మాయం, అయిదు రోజులకు తానే ఇంటికి.'"

"యాడికి వొయిందట?"

"రాయలే."

"గట్లెట్ల రాయరు?"

"నువ్వే చెప్పు, యాడికి వొయ్యుంటది?"

పర్వతాలు గేదె గురించి ఆలోచించాడు. ఆలోచించి ఆలోచించి, "పోయిందే" అన్నాడు. గేదె సంగతి కాదు, కోరిక సంగతి.

రోజుకు పదకొండు ఫోన్లు, పన్నెండు ఫోన్లు. లచ్చమ్మ వార్తలు అయిపోతే టెండరు నోటీసులు చదివింది, అవీ అయిపోతే తప్పిపోయినవారి ప్రకటనలు. అవి చదివేటప్పుడు ఒక్కో తేదీని రెండుసార్లు చదివేది. పర్వతాలు, "టెండర్లే సదువు" అనేవాడు.

ఇక పేపర్లో రోజూ ఒక డబ్బా కట్టి అంకె వేసేవారు. తాగి బండి నడిపేవాళ్లను పోలీసులు ఊదించే మిషన్ లాంటిదే శిబిరానికీ ఒకటి తెచ్చారు. గొట్టంలో ఊదితే ఊపిరిలో పొగ ఎంతుందో చెబుతుంది. పది దాటితే తాగినట్టు, ఆరు లోపుంటే మానినట్టు. కుర్చీలో ఉన్నది పర్వతాలు కాబట్టి ఊదేది పర్వతాలు. కుర్చీ కిషనన్నది కాబట్టి అంకె కిషనన్నది. మొదటి రోజు ఇరవై తొమ్మిది. మూడో రోజు, 'కిషనన్న ఊపిరి @ 5'. ఆరో రోజు మూడు. లచ్చమ్మ ఆ డబ్బాను కత్తిరించి దేవుడి పటం కింద పెట్టుకునేది. వేరేవాళ్ల పేరు మీదయినా మొగుడు బతుకుతున్నాడని రోజూ పేపర్లో అచ్చయి రావడం ఎంతమంది ఆడవాళ్లకు దొరుకుతుంది?

అయిదో రోజున కిషనన్న ఫొటోకు వచ్చినప్పుడు ఎడమ కనుబొమ్మ లేదు. బావమరిది ఇంట్లో గ్యాస్ పొయ్యి మీదికి వంగి వెలిగించుకోబోతే అది అంటుకుంది. ఇరవై ఆరేళ్లుగా మంట తన దగ్గరికి రావడమే గానీ, తను మంట దగ్గరికి పోయిన అలవాటు అన్నకు లేదు. 'దీక్షలో కనుబొమ్మ సమర్పించిన కిషనన్న' అని పేపర్లో వచ్చింది. సాయంత్రానికి ఇద్దరు కార్యకర్తలు కూడా గొరిగించుకున్నారు.

పదో రోజు మంగళవారం. ముందురోజు మృగశిర కార్తె. చేపల పులుసు సగం డబ్బాలో దాచి, లచ్చమ్మ పేపర్ తీసింది. డబ్బా కట్టిన అంకె ముప్ఫై నాలుగు.

ఆమె మళ్లీ చదివింది. మూడు పక్కన నాలుగు. పేపర్ మడిచి, పులుసు డబ్బా సంచిలో పెట్టుకుని, తలుపు గడియ కూడా సరిగా పెట్టకుండా బస్సెక్కింది. బస్సులో చలికాలానికి ఇంకా ఎన్ని నెలలుందో వేళ్ల మీద లెక్కపెట్టింది. నాలుగున్నర.

శిబిరంలో పర్వతాలు కుర్చీ అంచు మీదే ఉన్నాడు. అప్పటి బ్యాచి అయిదుగురూ పేకాడుతున్నారు. ఆమె సరాసరి వేదిక ఎక్కింది.

"నోరు తెరువు."

"ఏందే గిట్ల, అందరి ముంగట..."

"తెరువు."

తెరిచాడు. వాసన చూసింది. అంగీ వాసన చూసింది, వేళ్ల సందులు చూసింది. సోంపు తప్ప ఏమీ లేదు.

"మరి ముప్పై నాలుగేంది?"

"గది నాది కాదే. అన్నది."

"అన్నదంటే?"

"అన్నదే. నిన్న అన్న ఫొటోకు వచ్చినప్పుడు టీవీవోళ్లు చెప్పకుంట వచ్చి లైవుల ఊదమన్నరు. ఈసారి అన్ననే ఊదిండు."

లచ్చమ్మ పులుసు డబ్బా ఒళ్లో పెట్టుకుని వేదిక మీదే కూర్చుంది. కమిటీవాళ్లు ఆమె కూడా దీక్షకు కూర్చుందనుకుని దండ వేశారు.

ఉదయ్‌కిరణ్ అప్పటికే ప్రకటన విడుదల చేశాడు. "అది అన్న సొంత పొగ కాదు. తార్నాక ట్రాఫిక్‌లో గంటసేపు ప్రజల మధ్య ఉండి, ప్రజల పొగను అన్న తన గుండెల్లో దాచుకున్నారు." ఆ మంగళవారమే పర్వతాలు మళ్లీ ఊదాడు. మరునాటి పేపర్లో వచ్చింది, 'ఒక్క రాత్రిలో 34 నుంచి 3కు. వైద్యశాస్త్రానికే సవాల్.'

ఆ రోజు పులుసు తింటూ పర్వతాలు మెల్లగా చెప్పాడు.

"ఆఖరి రోజు మంత్రి వస్తడట. విరమణ చేయిస్తడట."

"దేంతోని?"

పర్వతాలు ముల్లు తీసి డబ్బా మూత మీద పెట్టాడు.

"నువ్వేమంటవ్?"

"మంత్రి నోట్ల వెడుతుంటే వద్దని ఎట్లంటనే? పక్కన అన్న ఉంటడు. ఇరవై ఆరేండ్లల అన్న ముంగట వద్దనే మాట ఎన్నడన్న అన్ననా?"

అనలేదు. ఆ సంగతి ఆమెకు తెలుసు.

ఇరవయ్యొకటో రోజు శనివారం. కుటుంబసభ్యుల వరసలో లచ్చమ్మ, మార్త టీచరు కూర్చున్నారు. భద్రత కోసం మూల మీది పాన్ డబ్బాతో సహా రోడ్డంతా షాపులు మూయించారు. మంత్రిగారు గంటన్నర ఆలస్యంగా, అంటే సమయానికే వచ్చారు. పొద్దున పర్వతాలు ఊదిన అంకె వెనక తెర మీద పెద్దగా వెలుగుతోంది. రెండు. దాని పక్కన కిషనన్న ముఖం, రెండు కనుబొమ్మలతో.

"ఈ ఊపిరి సామాన్యమైన ఊపిరి కాదు" అన్నారు మంత్రిగారు. "ఇంత స్వచ్ఛమైన ఊపిరి ఉన్న నాయకుణ్ణి నేను చూడలేదు. సోమవారం నాడు సెక్రటేరియట్‌లో అందరి ముందూ ఒక్కసారి ఊది, కిషన్ మండలి చైర్మన్‌గా బాధ్యతలు స్వీకరిస్తారు."

అయిదు నిమిషాలు చప్పట్లు. తర్వాత వెండి పళ్లెం వచ్చింది. మంత్రిగారు చూశారు.

"నిమ్మరసం ఏది?" అన్నారు, మైకు పక్కకు తిప్పి.

"సార్, ఇది తిండి దీక్ష కాదు సార్. పొగ దీక్ష" అన్నాడు ఉదయ్‌కిరణ్.

"అయితే?"

"మానినదాంతోనే విరమణ సార్. ఇరవై రోజుల నుంచి గదే ప్రొసీజర్."

మంత్రిగారు ఎన్నో దీక్షలు విరమింపజేసినవారు. ప్రొసీజర్ అన్న మాటకు ఎదురు చెప్పేవారు కారు. మొదటి సిగరెట్ కిషనన్న నోట్లో పెట్టారు. రెండోది ప్రతినిధిది. పర్వతాలు లేచి నిలబడ్డాడు. చేతులు రెండూ పక్కన అట్లాగే ఉన్నాయి. మంత్రిగారు తన చేత్తో తీసి అతని పెదాల మధ్య పెట్టారు. కెమెరాలు మెరిశాయి. మార్త టీచరు లచ్చమ్మ చెయ్యి పట్టుకుంది. కమిటీ పెద్దలు కూడా తలా ఒకటి అందుకున్నారు.

కిషనన్న సిగరెట్ పెదాల మధ్య ఉంచుకుని, అటూ ఇటూ చూడకుండా, ఎదురుగా కెమెరాల వైపు చూస్తూ నిలబడ్డారు. కుడివైపు నుంచి మంట రావాలి.

రాలేదు.

"పర్వతాలూ" అన్నారు, పెదాలు కదపకుండా.

పర్వతాలు అంగీ జేబు తడిమాడు. సంచి తడిమాడు. వేదిక మీద వాళ్లంతా ఒకరి జేబులు ఒకరు చూసుకున్నారు. లైటర్లన్నీ మూడు వారాల కింద డ్రమ్ములో మునిగాయి. డ్రమ్ము అక్కడే ఉంది, నీళ్లు పాచిపట్టాయి.

పర్వతాలు నోట్లోంచి సిగరెట్ తీసి, వెండి పళ్లెంలో జాగ్రత్తగా పెట్టాడు.

"లైటర్ ఇంటికాడ ఉన్నదన్నా. తెస్తా."

"జల్దీ రా" అన్నారు కిషనన్న. ఇరవై ఆరేళ్లలో పర్వతాలు తెస్తానని తేనిది లేదు. అందుకే ఎవరినీ అగ్గిపెట్టెకు కూడా పంపలేదు. సిగరెట్ నోట్లోనే ఉంచుకున్నారు.

లచ్చమ్మ లేచింది. "ఏడ వెట్టిన్నో నాకే ఎర్క. నేను సుత వోతా" అంటూ వేదిక ఎక్కి, కుర్చీ కింద సంచి తీసుకుంది. రెండు లుంగీలు, మూడు బనియన్లు, తువ్వాల. అన్నీ ఉన్నాయో లేదో చూసుకుంది. మైకులో ప్రకటించారు, "లైటర్ బయలుదేరింది. ఎవరూ కదలవద్దు."

మంత్రిగారు నలభై నిమిషాలు వెలిగించని సిగరెట్ల మధ్య కూర్చుని, వేరే ప్రోగ్రాం ఉందని వెళ్లిపోయారు.

సోమవారం పొద్దున ఎనిమిదింటికి సందులోకి పార్టీ కారు వచ్చింది. పదకొండింటికి సెక్రటేరియట్‌లో ఊదాలి. ఉదయ్‌కిరణ్ చెమటలు తుడుచుకుంటూ గుమ్మం ముందు నిలబడ్డాడు.

"అమ్మా, పర్వతాలన్న యాడ?"

"లోపలున్నడు సారూ."

"జెర తోలియ్యమ్మా. అన్న శాన పరేషాన్ ఉన్నడు."

"లైటర్ దేవులాడుతున్నడు సారూ" అంది లచ్చమ్మ. "దొరకంగనే వస్తడు."

లోపల పర్వతాలు సోంపు నములుతూ మల్కాజిగిరి గేదె గురించి పేపర్లో ఇంకేమన్నా రాశారేమోనని వెతుకుతున్నాడు. కారు తొమ్మిదిన్నర దాకా హారన్ కొట్టి పోయింది. ఊదే కార్యక్రమం వాయిదా పడింది. కారు మంగళవారం మళ్లీ వచ్చింది, బుధవారం రెండుసార్లు వచ్చింది.

లచ్చమ్మ జాబితాలో మూడో పేరు చేరింది. పర్వతాలు, కిషనన్న దగ్గరికి తిరిగి రాలేదు. జూన్ ఇరవై, శనివారం, మధ్యాహ్నం పన్నెండు ఇరవై.